సుబ్బారావు గారి నీలి రంగు, సైటేషన్ల లెక్క

పోయిన ఆదివారం మా అక్క కూతురు ఇంటికొచ్చి, టీ గ్లాసు ముట్టకుండా ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. హబ్సిగూడలో ఒక ల్యాబ్‌లో బయోకెమిస్ట్రీ పీహెచ్‌డీ చేస్తోంది. ఏమైందే అని అడిగితే, "నా హెచ్ ఇండెక్స్ ఇంకా రెండే మామయ్యా, పోస్ట్‌డాక్‌కి అప్లై చేయాలంటే టెన్షన్‌గా ఉంది" అంది. మా ఇంట్లో పెద్దవాళ్లు షుగర్ రీడింగ్ చెప్పుకునేది సరిగ్గా ఆ గొంతుతోనే.

హెచ్ ఇండెక్స్ అంటే పరిశోధకులకు వాళ్ల పేపర్లను బట్టి వేసే మార్కు. దీని వయసు చిన్నదే. కాలిఫోర్నియాలో భౌతికశాస్త్రం చెప్పే హోర్హే హిర్ష్ 2005లో ప్రతిపాదించాడు. మీరు ఆరు పేపర్లు రాశారనుకోండి. వాటిని ఇతరులు తమ పేపర్లలో ఎన్నిసార్లు పేర్కొన్నారో పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు వరసగా రాయండి: 25, 9, 6, 4, 2, 0. ఇలా పేర్కొనడాన్నే సైటేషన్ అంటారు. నాలుగో పేపర్‌కి నాలుగు సైటేషన్లు ఉన్నాయి, ఐదో దానికి ఐదు లేవు. కాబట్టి మీ హెచ్ నాలుగు. మొదటి పేపర్‌కి 25 బదులు 2,500 ఉన్నా నాలుగే. పైగా ఈ అంకె పెరగడమే కానీ తగ్గడం ఉండదు. అందుకే రిటైరైన ప్రొఫెసర్ పక్కన ఇరవై ఆరేళ్ల పిల్లని నిలబెట్టి పోల్చడానికి ఇంతకంటే పనికిరాని అంకె ఉండదు.

అసలు ఈ సైటేషన్ల లెక్క మనుషులకు మార్కులు వేయడానికి పుట్టలేదు. హైకోర్టు దగ్గర ఏ వకీలు గారిని అడిగినా సైటేషన్ అంటే ఏమిటో చెబుతారు. పాత తీర్పు చూపించి వాదించాలంటే, ఆ తీర్పును తర్వాత ఏ కోర్టయినా సమర్థించిందా, కొట్టేసిందా అన్నది ముందే తెలిసి ఉండాలి. అమెరికాలో 1873 నుంచే ఇందుకోసం షెపర్డ్స్ అనే సూచికలు వచ్చేవి. అమెరికాకే చెందిన యూజీన్ గార్ఫీల్డ్ ఆ పద్ధతిని చూసి, సైన్స్‌కి కూడా ఇలాంటిది ఎందుకు ఉండకూడదని 1955లో 'సైన్స్' పత్రికలో రాశాడు. పేపర్ చివరి రిఫరెన్సులు వెనక్కి చూపిస్తాయి, తనకంటే ముందు ఎవరున్నారో చెబుతాయి. గార్ఫీల్డ్‌కి కావలసింది ముందుకు చూపించే పట్టిక, అంటే ఈ పాత పేపర్‌ని తర్వాత ఎవరు వాడుకున్నారో చెప్పేది. 1960లలో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అచ్చయింది అందుకోసమే, వెతుక్కోవడానికి. మన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు అంతకు ముందే, 1948లో, గ్రంథాలయాల పనిని అంకెలతో చదవాలని 'లైబ్రామెట్రీ' అనే మాట అన్నారు. పుస్తకాలనూ పేపర్లనూ అంకెలతో చదివే ఈ పనికి బిబ్లియోమెట్రిక్స్ అన్న పేరు 1969లో స్థిరపడింది.

వెతుక్కోవడానికి పెట్టిన పట్టికలో అంకెలుంటే వాటిని కూడకుండా మనుషులు ఉండలేరు. కూడారు. కూడాక వచ్చిన మొత్తం దేన్ని కొలుస్తోంది? దీనికి మన భీమవరం మనిషి యల్లాప్రగడ సుబ్బారావు గారి కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

1925లో హార్వర్డ్ వైద్య కళాశాలలో ఉండగా, సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ఒక పేపర్ వేశారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగుతో తేల్చే పద్ధతి అది. నమూనాలో ఉన్న ఫాస్ఫేట్ ఆమ్లంలో మాలిబ్డేట్‌తో కలుస్తుంది. దానికి ఇంకో రసాయనం చేరిస్తే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. మన దగ్గర బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసినవాళ్లు ఫిస్క్-సుబ్బారో ప్రాక్టికల్ మర్చిపోరు, చేతి గుడ్డకి అంటిన మరకతో సహా. ఆ పేపర్‌ని లోకమంతా వేల సార్లు ఉటంకించారు.

నాలుగేళ్ల తర్వాత, 1929లో, ఇదే జంట కండరాలలోంచి ఏటీపీ అనే, కణాలకు శక్తినిచ్చే పదార్థాన్ని వేరు చేసింది. జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా అదే ఏడాది చేశాడు. మీరు ఈ వాక్యం చదువుతున్న క్షణంలో మీ ఒంట్లోని ప్రతి కణం నడుస్తున్నది ఆ ఏటీపీ మీదే. రెండింటిలో ఏది గొప్పదంటే ఎవరూ తడుముకోరు. కానీ ఇవాళ ఏటీపీ గురించి రాసేవాళ్లు దాదాపు ఎవరూ 1929 పేపర్‌ని పేర్కొనరు. సామెత వాడేటప్పుడు దాన్ని మొదట అన్నది ఎవరో చెప్పం కదా, అలాగన్నమాట. పని అందరి నోళ్లలో నానేంత గొప్పదైతే, చేసినవాళ్ల పేరు జాబితా నుంచి జారిపోతుంది. రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త దీన్ని గుర్తించి పేరు కూడా పెట్టాడు: ఇమిడిపోయి చెరిగిపోవడం.

మన సుబ్బారావు గారొక్కరికే జరిగింది కాదిది. 2014లో 'నేచర్' పత్రిక అన్ని కాలాల్లోకీ ఎక్కువ సైటేషన్లున్న వంద పేపర్ల జాబితా వేసింది. అప్పట్లో అందులో చోటు దొరకాలంటే 12,119 సైటేషన్లు ఉండాల్సి వచ్చింది. మొదటి స్థానం 1951లో ప్రొటీన్ కొలిచే పద్ధతి చెప్పిన లౌరీ బృందం పేపర్‌ది, మూడు లక్షలు దాటాయి. వందలో ఎక్కువ భాగం పద్ధతులు, సాఫ్ట్‌వేర్లే. పేరుమోసిన ఆవిష్కరణలు చాలావాటికి అందులో చోటే లేదు.

జర్నళ్ల ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌లోనూ పనిముట్లదే పైచేయి. గత రెండేళ్లలో జర్నల్ వేసిన పేపర్లకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను ఆ పేపర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ఇంపాక్ట్ ఫ్యాక్టర్. స్ఫటికశాస్త్రానికి చెందిన ఒక జర్నల్‌కి 2008లో అది 2.051. మరుసటి ఏడాదికి 49.926. జర్నల్ రాత్రికి రాత్రి మారిపోయిందా అంటే, లేదు. షెల్ఎక్స్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం గురించి షెల్డ్రిక్ అనే శాస్త్రవేత్త 2008లో అందులో ఒక పేపర్ వేశాడు, ప్రోగ్రాం వాడినవాళ్లు దీన్ని పేర్కొంటే చాలని ఆ పేపర్లోనే సూచించాడు. స్ఫటికాల నిర్మాణం తేల్చేవాళ్లలో చాలామంది, మన గచ్చిబౌలి నుంచి జర్మనీ దాకా, వాడేది ఆ ప్రోగ్రామే. అదే జర్నల్‌లో పక్కన అచ్చయిన పేపర్లవాళ్లు ఏమీ చేయకుండానే యాభై మార్కుల జర్నల్ రచయితలైపోయారు.

మనవాళ్లకి ఇంకో ప్రత్యేకమైన చిక్కుంది: పేర్లు. సైటేషన్లు లెక్కపెట్టే డేటాబేస్ చివరి మాటను ఇంటిపేరు అనుకుంటుంది. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అదీ ఒక్క అక్షరంగా కుదించి. దాంతో ఒక్క తార్నాకలోనే ఎంతమంది కె. రెడ్డిలు, ఎస్. రావులు ఒకరి ఖాతాలో ఒకరు పడి ఉంటారో ఊహించుకోండి. సుబ్బారావు గారు కూడా అక్కడ వై. సుబ్బారోనే, యల్లాప్రగడ ఒక్క పొడి అక్షరం. పాస్‌పోర్ట్ వచ్చాక ఇంటిపేరు విప్పి రాస్తే అదే మనిషి ఇంకొకరవుతాడు. మా అక్క కూతురు విషయమే చూడండి, పెళ్లికి ముందు పేపర్ ఒక ఇంటిపేరుతో, తర్వాతవి ఇంకో ఇంటిపేరుతో ఉన్నాయి. కంప్యూటర్ లెక్కలో ఆమె ఇద్దరు మనుషులు. ఇందుకోసమే 2012లో ఆర్కిడ్ అని పదహారు అంకెల గుర్తింపు సంఖ్య వచ్చింది. సగం సేపు ఆ పనే చేశాం, కలిపి చూస్తే హెచ్ ఇండెక్స్ మూడైంది. అప్పుడు టీ తాగింది.

తెలుగులో రాసే పరిశోధకులకు ఆ మూడు కూడా రాదు. ఈ డేటాబేసుల్లో ఇంగ్లిష్ జర్నళ్లదే రాజ్యం. ఒకనాటి 'భారతి' పత్రికలో శాసనాల మీద, ఛందస్సు మీద పండితులు రాసిన వ్యాసాలకు ఎన్ని తెలుగు థీసిస్‌లు రుణపడి ఉన్నాయో లెక్కగట్టిన యంత్రం లేదు. వాళ్ల పేర్లు కొడితే సున్నా వస్తుంది. ఆ సున్నా డేటాబేస్‌ది.

అంకె కోసం ఉద్యోగాలు, ప్రమోషన్లు ఆగితే అంకెలకు బజారు కూడా వస్తుంది. మన హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఒక జర్నళ్ల సంస్థ, నిపుణుల పరిశీలన జరిపామని తప్పుడు మాటలు చెప్పి, ఫీజుల సంగతి దాచిందని, 2019లో అమెరికా కోర్టు ఐదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పిచ్చింది.

వెళ్లేటప్పుడు మా అక్క కూతుర్ని అడిగాను, మీ ల్యాబ్‌లో ఇప్పుడు ఫాస్ఫేట్ ఎలా కొలుస్తారని. కిట్ వస్తుందట. రంగు నీలం కాదు, ఆకుపచ్చ. మాలిబ్డేట్ మాత్రం అందులోనూ ఉంది. మరి పేపర్‌లో ఎవరిని సైట్ చేశావు అన్నాను.

"ఎవర్నీ లేదు మామయ్యా. కంపెనీ పేరు, కేటలాగ్ నంబర్ రాస్తే చాలు."