కెన్యాలో గుడిసె పన్ను: పాలన ఖర్చు ఎవరి మీద పడింది

తెల్లవాళ్లు కెన్యాకి రైలు తెచ్చారు, పాలన నేర్పారు అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. మరి ఆ ఖర్చు ఎవరు పెట్టుకున్నారో కూడా చూడాలి కదా.

1895లో, కెన్యా ప్రాంతాన్ని నడుపుతున్న బ్రిటిష్ ఈస్ట్ ఆఫ్రికా కంపెనీ చేతులెత్తేసింది. బ్రిటిష్ ప్రభుత్వం దానికి రెండున్నర లక్షల పౌండ్లు ఇచ్చి ఆ ప్రాంతాన్ని తన కిందకి తీసుకుంది. మరుసటి ఏడాది మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా రైలు పని మొదలైంది. మొదట పార్లమెంటు ఒప్పుకున్నది 30 లక్షల పౌండ్లు, చివరికి అయింది 50 లక్షలు దాటి. మన దేశం నుంచి, ఎక్కువగా పంజాబ్ నుంచి, సుమారు 32 వేల మంది కూలీలు వెళ్లారు, దాదాపు 2,500 మంది అక్కడే చనిపోయారు. ఈ లెక్క గుర్తొచ్చినప్పుడల్లా బాధేస్తుంది.

లైను పూర్తయ్యాక మోయడానికి తగినంత సరుకు లేదు, పాలన ఖర్చుకి ఏటా లండన్ నుంచి సాయం రావాలి. వలస రాజ్యం తన ఖర్చు తానే భరించాలన్నది బ్రిటిష్ ఖజానా పట్టుదల. అందుకే కమిషనర్ చార్లెస్ ఇలియట్ తెల్ల రైతుల్ని రప్పించి భూములు ఇప్పించాడు, వాళ్లు పండిస్తే రైలుకి సరుకు దొరుకుతుందని. ఆ పొలాల్లో పని చేయడానికి మనుషులు కావాలి, అక్కడి వాళ్లకేమో సొంత పొలం, సొంత పశువులు ఉన్నాయి, కూలికి పోవాల్సిన అవసరం లేదు.

ఆ అవసరాన్ని పుట్టించింది పన్ను. 1901లో గుడిసె పన్ను పెట్టారు, కొద్ది ఏళ్లలోనే అది గుడిసెకి 3 రూపాయలైంది. రూపాయలంటే మన భారత రూపాయలే, 1920 దాకా అక్కడ అవే చెల్లేవి. ఒక్కో భార్యకి ఒక్కో గుడిసె ఉండే ఇళ్లలో లెక్క అంతకంత పెరిగేది, దాంతో పన్ను తగ్గుతుందని చాలా మంది ఒకే గుడిసెలో ఇరుక్కుని ఉండేవాళ్లు. గుడిసె లేని మగవాళ్లని కూడా వదల్లేదు, 1910లో తలపన్ను వచ్చింది. నాణెం కావాలంటే తెల్లవాడి పొలానికి పోవాల్సిందే. ఖజానా నింపడం, కూలీల్ని తోలడం, రెండు పనులూ ఒక్క పన్నుతోనే జరిగాయి.

1920 ప్రాంతంలో పన్ను 16 షిల్లింగులకి చేరింది, ఆఫ్రికన్ మగవాళ్ల మెడలో వేలాడే కిపాండే అనే గుర్తింపు కార్డు దానికి తోడు. దీని మీద గొంతెత్తిన ఆఫ్రికన్ నాయకుడు హ్యారీ థుకుని 1922 మార్చిలో అరెస్టు చేశారు. ఆయన్ని వదలమని నైరోబీ పోలీస్ స్టేషన్ ముందు గుమిగూడిన జనం మీద కాల్పులు జరిగాయి, అధికారిక లెక్కలోనే 20 మందికి పైగా పోయారు. ముందు నిలబడ్డ మేరీ ముథోని న్యాంజిరు అనే మహిళ వాళ్లలో ఒకరు.

తర్వాత గుడిసె పన్నుని 12 షిల్లింగులకి తగ్గించారు. తెల్ల రైతులు గోల చేయడంతో, అంతకు ముందే తెచ్చిన ఆదాయపు పన్నుని అదే 1922లో పూర్తిగా ఎత్తేశారు. అది మళ్లీ రావడానికి 1937 దాకా పట్టింది. ఆ పదిహేనేళ్లూ గుడిసెవాళ్లు మాత్రం కడుతూనే ఉన్నారు.