ఒకే బూడిద రంగు, రెండు దారులు

పుంజు బూడిద రంగు. పెట్టా బూడిద రంగే. రెండూ కిలో కూడా తూగని బాంటమ్ కోళ్లు, అంటే బుల్లి రకం కోళ్లు. ఆ జత గుడ్లను పొదిగిస్తే, పిల్లల్లో దాదాపు సగం పెరిగేకొద్దీ బొగ్గులాంటి నల్లని ఈకలు తొడుక్కుంటాయి. తల్లిలోనూ తండ్రిలోనూ కనిపించని ఆ నలుపు ఎక్కడి నుంచి వచ్చింది? కోళ్ల జన్యుశాస్త్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చిక్కుముడి ఇదే.

కోడి ఈకకు రంగునిచ్చే వర్ణకాలు ముఖ్యంగా రెండే. యూమెలానిన్ నలుపునిస్తుంది, ఫియోమెలానిన్ ఎరుపు, బంగారు ఛాయలనిస్తుంది. మిగతా వైవిధ్యమంతా ఆ రెంటినీ కొన్ని జన్యువులు పలచన చేయడం వల్లో, ఆపేయడం వల్లో, ఈకలో ఒకచోట ఉంచి మరోచోట తీసేయడం వల్లో వచ్చిందే. నీలి వర్ణకం అసలు లేదు. పెంపకందారులు ‘బ్లూ’ అని పిలిచేది పలచబడిన నలుపునే.

ఆ బ్లూ జన్యువుది విచిత్రమైన నడవడి. నల్ల కోడికి అది ఒక్క ప్రతి అందితే ఈకలు నీలిబూడిద రంగులోకి మారతాయి. రెండు ప్రతులు అందితే రంగు ఇంకా వెలిసిపోయి, తెల్లటి ఒంటిపై అక్కడక్కడ బూడిద మరకలు మిగులుతాయి. ఈ రంగును ‘స్ప్లాష్’ అంటారు. అందుకే రెండు బ్లూ కోళ్లను జతచేస్తే పిల్లల్లో సుమారు నాలుగో వంతు నలుపు, సగం బ్లూ, మరో నాలుగో వంతు స్ప్లాష్ వస్తాయి. బ్లూ రంగుకు పేరుపడ్డ అండలూసియన్ జాతి కోళ్లను ఎంత ఏరి పెంచినా ఈ నల్లవీ తెల్లవీ ప్రతి తరంలోనూ పుడుతూనే ఉండేవి. అది జాతి శుద్ధిలో లోపం కాదనీ, మెండెల్ లెక్క ప్రకారం జరగవలసిందే జరుగుతోందనీ 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో జన్యుశాస్త్రవేత్తలు విలియం బేట్సన్, రెజినాల్డ్ పన్నెట్ వివరించారు. పిల్లలన్నీ బ్లూ కావాలంటే బ్లూ జత పనికిరాదు. నల్లదాన్నీ స్ప్లాష్‌నూ కలపాలి!

మొదట చెప్పిన జతలో పుంజుది ఈ బ్లూ రంగే. పెట్టది మాత్రం వేరే బూడిద. దాని పేరు లావెండర్. ఇది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ వస్తేనే బయటపడే గుణం. ఒక్క ప్రతి ఉన్న కోడి మామూలు నల్ల కోడిలాగే ఉంటుంది. లావెండర్‌లో వర్ణకం తయారీకి లోటు లేదు, రవాణాలోనే చిక్కు. వర్ణక కణాలు తమలో తయారైన రేణువులను కొమ్మల్లాంటి చేతుల చివరికి చేర్చి, పెరుగుతున్న ఈక కణాలకు అందించాలి. ఆ మోతకు మెలనోఫిలిన్ అనే ప్రోటీన్ కావాలి. దాని జన్యువు దెబ్బతింటే రేణువులు కణం మధ్యలోనే పోగుపడి, ఈకకు కొద్దిగా మాత్రమే అందుతాయి. మనుషుల్లో ఇదే జన్యువు దెబ్బతిన్నప్పుడు జుట్టు వెండిబూడిద రంగులో పెరుగుతుందని తెలుసుకున్న రోజున నేను చాలాసేపు ఆశ్చర్యంలో ఉండిపోయాను.

ఇక ముడి విప్పవచ్చు. లావెండర్ పెట్ట దగ్గర బ్లూ జన్యువు లేదు. బ్లూ పుంజు దగ్గర లావెండర్ జన్యువు లేదు. పిల్లలన్నిటికీ లావెండర్ ఒక్క ప్రతే వస్తుంది కనుక అది పైకి కనిపించదు. పుంజు నుంచి సగం పిల్లలకు బ్లూ అందుతుంది, అవి బ్లూ అవుతాయి. అందనివి నలుపు. ఒక్క పిల్లా లావెండర్ కాదు.

జతకట్టించకుండానే తేడా పట్టాలంటే ఎరుపున్న కోళ్లను చూడాలి. బ్లూ నలుపునే పలచన చేస్తుంది, బంగారు రంగు జోలికి వెళ్లదు. లావెండర్ రెంటినీ వెలిసిపోయేలా చేస్తుంది. బెల్జియం బాంటమ్‌లలో ‘మిల్ ఫ్లూర్’ అనే రంగు ఉంది. ‘వెయ్యి పూలు’ అని దాని అర్థం. ఇందులో బంగారు ఈక చివర నల్లని పట్టీ, దాని కొసన తెల్లని చుక్క ఉంటాయి. దీనికి లావెండర్ తోడైతే బంగారం మీగడ రంగవుతుంది, నల్ల పట్టీ బూడిదవుతుంది, తెల్ల చుక్క తెల్లగానే ఉంటుంది. ఆ రంగు పేరు ‘పోర్సిలిన్’. నా కంటికి బాంటమ్ రంగులన్నిటిలో ఇదే అందం.

ఈ చుక్క కొసనే ఎందుకు ఉంది? ఈక గోరులా మొదలు నుంచి బయటికి నెట్టుకొస్తుంది. కొస అన్నిటికంటే ముందు తయారైన భాగం. కాబట్టి చుక్క, పట్టీ, బంగారం అన్నవి ఒక్కో దశలో వర్ణక కణాలు ఏం చేశాయో చెప్పే దినచర్య లాంటివి. మొదట రంగు పడలేదు, తర్వాత నలుపు, ఆపైన బంగారం.

అంచుల అందానికి పేరుమోసిన సీబ్రైట్ బాంటమ్‌లో ఆశ్చర్యం మరో చోట ఉంది. 19వ శతాబ్దం తొలినాళ్లలో ఇంగ్లండ్‌లో సర్ జాన్ సీబ్రైట్ రూపొందించిన ఈ జాతిలో ప్రతి ఈకకూ సన్నని నల్ల అంచు ఉంటుంది. పుంజుకూ పెట్ట ఈకలే. మెడపై పొడవాటి సూది ఈకలు లేవు, తోకలో కొడవలి ఈకలు లేవు. 1910ల చివర్లో జన్యుశాస్త్రవేత్త థామస్ హంట్ మోర్గాన్ ఈ పుంజుల వృషణాలను తీసేసి చూశాడు. అవి మరింత పెట్టల్లా మారలేదు, అచ్చమైన పుంజు ఈకలు తొడుక్కున్నాయి! కోళ్లలో పెట్ట ఈక రావాలంటే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ కావాలి. అది లేకుంటే పుంజు ఈకే వస్తుంది. సీబ్రైట్ పుంజు చర్మంలో అరోమటేజ్ అనే ఎంజైమ్ అతిగా తయారై, వృషణాల నుంచి వచ్చిన మగ హార్మోన్ టెస్టోస్టిరోన్‌ను అక్కడికక్కడే ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తుంది. వృషణాలు పోతే ముడిసరుకూ పోయినట్టే. ఆ ఎంజైమ్ జన్యువును చర్మంలో పనిచేయిస్తున్నది, ఎప్పుడో ఒక పూర్వీకుడికి సోకి ఆ జన్యువు పక్కనే అతుక్కుపోయిన రెట్రోవైరస్ (కణం డీఎన్ఏలోకే చొరబడే వైరస్) ముక్క.