మోతీ, మేక, కంప్యూటరు

నల్లగొండ

పిల్లలకు దీవెనలు.

"తాతా, ఫొటో చూడంగనే అది కుక్కనో మేకనో కంప్యూటర్‌కు ఎట్ల తెలుస్తది?" అని మొన్న అడిగారు కదా. ఫోన్‌లో చెబితే సగం సిగ్నలే తింటుంది, అందుకే రాస్తున్నాను. ఇందులో కొన్ని మాటలు నావి, కొన్ని మన కుక్క మోతీవి. వాడికి చదువు రాదు గానీ ఈ విషయంలో గట్టి అభిప్రాయాలున్నాయి.

గూగుల్ వాళ్లది ‘టీచబుల్ మెషీన్’ అని ఒక వెబ్‌సైట్ ఉంది. 2017లో వచ్చింది. కోడింగ్ అక్కర్లేదు, బ్రౌజర్‌లో తెరిస్తే చాలు. అందులో ఫొటోలు వేసే ఒక డబ్బాకు ‘మోతీ’ అని, ఇంకో డబ్బాకు ‘మేక’ అని పేరు పెట్టాను. ల్యాప్‌టాప్ కెమెరా ముందు మోతీని నిలబెట్టి బటన్ నొక్కి పట్టుకుంటే ఫొటోలు టపటపా పడతాయి. నిలబెట్టడమే కష్టం. మోతీ లెక్కలో కెమెరా అంటే నాకాల్సిన వస్తువు. ముక్కు ఫొటోలే ఎక్కువ వచ్చాయి. తీసేయలేదు, ముక్కు కూడా మోతీయే కదా! వెనకింటి మేక ఫొటోలు మాత్రం ఫోన్‌లో తీసి తెచ్చి పెట్టాను.

తర్వాత ‘ట్రెయిన్’ అని నొక్కాలి. కాసేపట్లోనే నేర్చేసుకుంటుంది. అంత తొందరగా ఎలా అంటే, దాని లోపల ముందే బోలెడన్ని ఫొటోలు చూసి అంచులు, రంగులు, ఆకారాలు పట్టుకోవడం నేర్చిన మోడల్, అంటే ఒక ప్రోగ్రాం, ఉంటుంది. ఇలాంటివి మోతీ, అలాంటివి మేక అనే చివరి పాఠం ఒక్కటే మనం చెబుతాం. ఆ తర్వాత కెమెరా ముందుకు ఎవరొచ్చినా, ఎవరై ఉంటారో శాతాల్లో చూపిస్తుంది.

మోతీకి ఇది నచ్చలేదు. గాలి ఇటు తిరిగితే చాలు, గోడ అవతలి మేక సంగతి వాడికి తెలిసిపోతుంది. తెరమీది మేకను ఒకసారి చూసి, దగ్గరికెళ్లి వాసన పట్టి, తోక కూడా ఊపకుండా వెళ్లిపోయాడు. పైగా కుక్కలకు నీలం, పసుపు బాగానే తెలుస్తాయి గానీ ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా సరిగా తెలియదు. మనం అంత మురిసిపోయే రంగుల తెర వాడికి వాసన లేని గోడ.

అసలు తమాషా ఇప్పుడు చెబుతాను. కావాలనే మోతీ ఫొటోలన్నీ షాబాదు బండల అరుగు మీద, మేకవన్నీ వేపచెట్టు కింద తీసి మళ్లీ నేర్పించాను. తర్వాత మోతీని వేపచెట్టు కింద కూర్చోబెడితే ‘మేక’ అంది! వెనకున్న ఆకుపచ్చే మేక అనుకుంది పాపం. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ఇలాగే తోడేళ్ల ఫొటోలన్నీ మంచులోవి, తోడేలులాగే కనిపించే హస్కీ కుక్కల ఫొటోలన్నీ మంచు లేనివి కంప్యూటర్‌కు ఇచ్చి చూశారు. అది మంచును చూసి తోడేలు అని చెప్పడం మొదలుపెట్టింది. మనం ఏది నేర్పాలనుకున్నామో దానికి తెలియదు. మనం ఇచ్చిన ఫొటోల్లో ఏ తేడా సులువుగా దొరికితే దాన్నే పట్టుకుంటుంది. మోతీ మేకను వేపచెట్టు కింద చూసినా, బావి దగ్గర చూసినా ఒకేలా మొరుగుతాడు.

ఇంకొకటి. కోడిని చూపిస్తే ‘మోతీ’ అంది, అదీ 90 శాతం ధీమాతో! ఉన్నవి రెండే డబ్బాలు, ఆ 100 శాతాన్ని వాటికే పంచాలి మరి. ‘నాకు తెలియదు’ అనే డబ్బా మనమే పెట్టి, అందులో కోడినీ, కుర్చీనీ, ఖాళీ వాకిలినీ వేయాలి.

ఫొటోలు ఎక్కడికో పోతాయేమోనని మీ అమ్మకు టెన్షన్. నేర్చుకోవడమంతా మన కంప్యూటర్‌లోనే జరుగుతుంది. మీరు సేవ్ చేస్తేనో, అప్‌లోడ్ చేస్తేనో తప్ప బయటికి పోవు. ఆ రెండూ అమ్మనడక్కుండా నొక్కొద్దు.

దసరా సెలవులకు వచ్చినప్పుడు చప్పుళ్ల పని చేద్దాం. ఆ వెబ్‌సైట్‌కు శబ్దాలు కూడా నేర్పొచ్చు. ముందు ఫ్యాను, వీధిలో ఆటో లాంటి మామూలు చప్పుడు రికార్డు చేసివ్వాలి. మోతీకి రెండు మొరుగుళ్లున్నాయి. గేటు దగ్గర కొత్తవాళ్లకు ఒకటి, అన్నం గిన్నె ఆలస్యమైతే ఇంకొకటి. నాకు తేడా తెలుస్తుంది. నాయనమ్మ మాత్రం రెండింటికీ అన్నమే పెడుతుంది. మెషీన్ ఎవరి పక్షమో చూద్దాం. మంచి మైకున్న ఇయర్‌ఫోన్లు తెండి. మోతీకి అందకుండా బ్యాగు అడుగున పెట్టుకోండి.

మీ తాత