తడి రోడ్డు మీద బలమైన కారు

చిరంజీవులైన మనవడికీ మనవరాళ్లకూ తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. మొన్న ఫోనులో చిన్నవాడు అడిగిన ప్రశ్నకు నోటిమాటగా జవాబు చెబితే చాలదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. మీరు ముగ్గురూ కూర్చుని ఏదో పాత కారు పందెం చూశారట. కుండపోత వానలో, ఒకే మలుపు దగ్గర, ఒకదాని వెనుక ఒకటిగా రేసుకార్లు దారి తప్పి పక్కనున్న కంకరలోకి పోయాయట. "అంత బలమైన కార్లు కదా తాతయ్యా, అవెందుకు జారిపోయాయి? నాన్న కారు వాటి ముందు ఎందుకూ పనికిరాదు, అయినా వానలో రోజూ ఆఫీసుకు వెళ్లి వస్తూనే ఉందిగా?" అని వాడు అడిగాడు. ఈ రెండు ప్రశ్నల్లో రెండోదే నాకు ఎక్కువ నచ్చింది.

మీరు చూసింది 2007 జూలై 22న జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్‌లో జరిగిన యూరోపియన్ గ్రాండ్ ప్రి అనే ఫార్ములా వన్ కారు పందెం అయి ఉంటుంది. ఆ రోజు పందెం మొదలవుతూనే వాన విరుచుకుపడింది, మొదటి మలుపు దగ్గర నీరు కాలువలా రోడ్డుకు అడ్డంగా పారింది. జెన్సన్ బటన్, లూయిస్ హామిల్టన్, నికో రోస్‌బర్గ్‌లతో సహా అరడజను మంది అక్కడే జారిపోయారు. ఆ ముగ్గురూ తర్వాతి కాలంలో ప్రపంచ విజేతలైనవారు కాబట్టి వాళ్లకు నడపడం రాదని ఎవరూ అనలేరు. ఆ కార్ల బరువు డ్రైవరుతో కలిపి 600 కిలోలకు కాస్త పైన మాత్రమే, ఇంజను బలం చూస్తే 700 గుర్రాలకు మించినది. చివరికి నిర్వాహకులు ఎర్రజెండా చూపి పందెం ఆపేశారు. ఆ క్షణాన అందరికంటే ముందున్నది ఎవరో తెలుసా? మార్కుస్ వింకెల్‌హాక్ అనే కుర్రవాడు. అతనికి అదే మొదటి ఫార్ములా వన్ పందెం, వరసలో దక్కిన స్థానం అందరికంటే చివరిది, కారు చూస్తే నిదానంగా నడిచే స్పైకర్. అందరూ పొడి రోడ్డు టైర్లతో బయలుదేరుతుంటే అతని జట్టు ఆకాశం చూసి ముందే వాన టైర్లు తొడిగింది, అంతే. (ఆ స్పైకర్ జట్టే మరుసటి ఏడాది చేతులు మారి ఫోర్స్ ఇండియా పేరుతో మన జెండా కింద పరుగెత్తింది.) పందెం మళ్లీ మొదలయ్యాక అతని ఆధిక్యం ఎంతోసేపు నిలవలేదు, కారు కూడా మధ్యలోనే ఆగిపోయింది. అయినా ఆ కొద్దిసేపు అతన్ని ముందు నిలబెట్టింది ఇంజను మాత్రం కాదు.

ఇక మా ఊరి బావి దగ్గరికి రండి. మా చిన్నతనంలో వీధి చివర ఒక చేదబావి ఉండేది, దాని చుట్టూ కడప బండలు పరిచి ఉండేవి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తోడిన నీళ్లు వాటి మీద ఒలికి ఒలికి, ఎందరో కాళ్లు రాసుకుని రాసుకుని, ఆ బండలు నల్లగా నున్నగా మెరుస్తూ ఉండేవి. మా పెదనాన్నగారి అబ్బాయి మా అందరిలోకీ బలవంతుడు, నిండు బిందెను ఒక్క ఊపులో చంకనెత్తుకునేవాడు. వాడి హవాయి చెప్పులు మడమ దగ్గర అరిగిపోయి, అడుగున ఉండే గళ్లన్నీ మాసిపోయి, పలకలా తయారయ్యాయి. ఒకనాడు బిందె చంకన పెట్టుకుని, మాకు తన బలం చూపించాలని, ఆ బండ మీద కాలు గట్టిగా తన్ని ఒక పెద్ద అంగ వేశాడు. చెప్పు వెనక్కి జారి దూరంగా పడింది, వాడు ముందుకు పడ్డాడు, బిందె సొట్టపోయింది. వాడి వెనకాలే మా చెల్లెలు చెంబుతో నీళ్లు పట్టుకుని, చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ, వాణ్ని చుట్టి తిరిగి ఇంటికి వెళ్లిపోయింది. మీ నాన్న కారు మా చెల్లెలి వంటిది.

ఎంత పెద్ద కారైనా నేలను తాకేది నాలుగు చోట్ల మాత్రమే, ఒక్కొక్క చోటు మహా అయితే నా అరచేయంత. కారు ముందుకు ఉరకాలన్నా, ఆగాలన్నా, మలుపు తిరగాలన్నా ఆ నాలుగు అరచేతుల పట్టుతోనే జరగాలి. కాలికి ఎంత బలముందో చెప్పుకు తెలియదు. బండను తాను పట్టుకోగలిగినంత మటుకే పట్టుకుంటుంది, అంతకు మించి తన్నితే జారుతుంది. రోడ్డు తడిస్తే ఆ పట్టు బాగా తగ్గిపోతుంది. చాలా రోజుల ఎండ తర్వాత పడే తొలకరిలో అయితే మరీను, ఎందుకంటే అన్నాళ్లుగా రోడ్డు మీద పేరుకున్న నూనె చుక్కలూ, రబ్బరు పొడీ, దుమ్మూ మొదటి జల్లుకు కలిసి జారుడు పూతలా మారతాయి.

మామూలు కారులో కాలు కాస్త గట్టిగా తొక్కినా, ఉన్న పట్టును దాటిపోయేంత బలం ఇంజనులో చాలామటుకు ఉండదు. స్పోర్ట్స్ కారు సంగతి వేరు. వాటిలో చాలావాటికి బలమంతా వెనుక చక్రాలకే అందుతుంది. తడి మలుపులో యాక్సిలరేటరు అంగుళం ఎక్కువ నొక్కితే ఆ చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, ముందుకు తోయడం మాని పక్కకు జారతాయి, కారు తోక ముందుకు వచ్చేస్తుంది. మా అన్నయ్య తన్నిన తన్ను సరిగ్గా అదే. మా చెల్లెలికి అలా తన్నాలన్నా కాలిలో అంత బలం లేదు, అందువల్ల పడే అవకాశమూ తక్కువే.

ఇంకొక చిత్రం ఉంది. జారుతోందని భయపడి మలుపు మధ్యలో కాలు ఒక్కసారిగా తీసేసినా ప్రమాదమే. బిందె చంకన పెట్టుకుని నడుస్తూ ఠక్కున ఆగి చూడండి, బరువంతా మునివేళ్ల మీదికి వచ్చి మడమలు తేలికైపోతాయి. కారులోనూ బరువు ముందు చక్రాల మీదికి వాలి, వెనుక చక్రాలు తేలికై పట్టు వదులుతాయి. జర్మనీ వారి పోర్షే 911 అనే కారులో ఇంజను వెనుక ఇరుసుకు కూడా అవతల ఉంటుంది, అంటే బిందె వీపున కట్టుకున్నట్టు. తిరిగేటప్పుడు ఆ బరువు మలుపు బయటివైపు లాగుతుంది. 1975లో దానికి టర్బో ఇంజను పెట్టి అమ్మకానికి తెచ్చినప్పుడు అది మరీ పేచీకోరు కారైంది, ఎందుకంటే కాలు నొక్కిన కొంత ఆలస్యం తర్వాత బలమంతా ఒక్కసారిగా వచ్చిపడేది, అప్పటికి డ్రైవరు మలుపు మధ్యలో ఉండేవాడు. అనుభవం ఉన్నవాళ్లు కూడా వానలో దాన్ని భయంతోనే నడిపేవారట.

ఇదంతా చెప్పు బండను తాకుతున్నంత వరకే. నూర్‌బుర్గ్‌రింగ్‌లో జరిగింది ఇంకో మెట్టు పైది. మీరు తడి బండ మీద నెమ్మదిగా అడుగు వేస్తే చెప్పు కింది నీరు గళ్లలోంచి పక్కలకు పోయి చెప్పు బండను తాకుతుంది. పరుగెత్తితే నీటికి తప్పుకునే వ్యవధి ఉండదు, చెప్పుకూ బండకూ మధ్య అది పల్చటి పొరలా ఉండిపోతుంది. టైరు కూడా అంతే. రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల నీరు నిలిచి ఉందనుకోండి. 20 సెంటీమీటర్ల వెడల్పు టైరు గంటకు 90 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 25 మీటర్ల చొప్పున దాని మీద పోతే, ఎంత నీటిని పక్కకు నెట్టాలో అక్కయ్య చేత లెక్క కట్టించండి. నేను కట్టాను: ప్రతి సెకనుకూ 15 లీటర్లు, అంటే సెకనుకొక పెద్ద బిందెడు! స్పోర్ట్స్ కారుకు వెనుక 30 సెంటీమీటర్ల వెడల్పు టైర్లు కూడా ఉంటాయి, వాటికి ఇరవై రెండు లీటర్లు పైన. టైరు వెడల్పయితే పట్టు ఎక్కువనే మాట పొడి రోడ్డు మీద చెల్లుతుంది కానీ, నీటి మీద ఆ వెడల్పే ఎదురుతిరుగుతుంది. ఫార్ములా వన్‌కు టైర్లు చేసే పిరెల్లీ వారు తమ వాన టైరు ఒక్కొక్కటి గంటకు 300 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 80 లీటర్లకు పైగా నీటిని తోసేయగలదని చెబుతారు. అంత నీరు తోడే పని ఒక్క సెకనులో చేసే మనిషిని మా ఊళ్లో ఎవరం చూడలేదు.

ఆ నీరు తప్పుకోకపోతే టైరు దాని మీదికి ఎక్కి తేలుతుంది. 1960లలో అమెరికా నాసా వారు, తడి రన్‌వేల మీద విమానాల చక్రాలు ఎందుకు తేలుతున్నాయో పరీక్షించి, టైరులో గాలి ఎంత ఉందన్న దానిని బట్టి తేలే వేగాన్ని అంచనా వేసే సూత్రం ఒకటి తయారుచేశారు. 33 పౌండ్ల గాలి ఉన్న టైరుకు ఆ లెక్క గంటకు సుమారు 95 కిలోమీటర్లని చెబుతుంది. గాలి తక్కువైతే, టైరు మీద నీరు పోయే గాడులు అరిగితే, నీరు లోతుగా ఉంటే అంతకంటే ముందే తేలవచ్చు. మన హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీద లోపలి వరసల్లో 120 దాకా పోనిస్తారని మీకు తెలుసు. ఆ బోర్డు మీద అంకె పొడి రోజుకు రాసినదని, వాన పడ్డాక దాన్ని అనుమతిగా భావించకూడదని పెద్దయ్యాక గుర్తుంచుకోండి.

తేలిన కారుకు స్టీరింగు తిప్పినా వినిపించదు, బ్రేకు తొక్కినా వినిపించదు. చక్రాలు నేలనే తాకనప్పుడు ఎవరితో చెప్పుకోవాలి? చక్రాలు బిగుసుకోకుండా బ్రేకును వదిలి పట్టే ఏబీఎస్ 1978లో మెర్సిడెస్ కార్లలో వచ్చింది, ఒక్కొక్క చక్రానికి విడిగా బ్రేకు వేసి కారును దారికి తెచ్చే ఈఎస్‌పీ 1995లో వచ్చింది. రెండూ ఎందరి ప్రాణాలో కాపాడిన మంచి సాధనాలు. అయినా ఉన్న పట్టును పొదుపుగా వాడటమే వాటికి తెలుసు, లేని పట్టును అవి తెచ్చిపెట్టలేవు. 2007లో ఫార్ములా వన్ కార్లకు చక్రాలు ఉత్తినే తిరగకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ కూడా ఉండేది. ఆ మలుపు దగ్గర అది ఎవరినీ ఆదుకోలేదు.

నాకు ముచ్చట గొలిపిన సంగతి ఒకటి చెబుతాను. 2019లో వచ్చిన తరం పోర్షే 911కు ముందు చక్రాల గూళ్లలో శబ్దం పసిగట్టే పరికరాలు పెట్టారు. చక్రం ఎగజిమ్మే నీటి చప్పుడు విని, రోడ్డు తడిగా ఉందని అవి గ్రహిస్తాయి, అప్పుడు వాన పద్ధతికి మారమని కారు డ్రైవరును హెచ్చరిస్తుంది. కారుకు చెవులు పెట్టారన్నమాట! మా నాయనమ్మ వంటింట్లో కూర్చునే, బావి బండ మీద చెప్పుల టపటపలు విని, ఎవరు నడుస్తున్నారో ఎవరు పరుగెడుతున్నారో చెప్పేసేది. "ఒరేయ్, నెమ్మది!" అని ఆమె కేక వేసేసరికి మా అడుగులు చిన్నవయ్యేవి. కోట్ల ఖర్చుతో ఇంజనీర్లు చేసింది ఆ పనే, కాకపోతే ఆమెలాగే వారి కారు కూడా హెచ్చరిస్తుంది తప్ప, కాలు పట్టుకుని ఆపదు.

మీలో ఎవరికైనా రేపు అటువంటి కారు నడిపే అదృష్టం పడితే ఇంత గుర్తుంటే చాలు. వాన మొదలవగానే వేగం తగ్గించండి, ముందు బండికి దూరం పెంచండి, స్టీరింగునూ బ్రేకునూ యాక్సిలరేటరునూ నిండు బిందె మోస్తున్నంత మెత్తగా వాడండి. కారు తేలినట్టు, స్టీరింగు ఉన్నట్టుండి తేలికైపోయినట్టు అనిపిస్తే కంగారుపడి బ్రేకు గుద్దకండి, స్టీరింగును అటూ ఇటూ తిప్పకండి. యాక్సిలరేటరు మీంచి కాలు నెమ్మదిగా తీస్తూ స్టీరింగును దారివైపే పట్టుకుంటే, వేగం తగ్గి టైరు మళ్లీ నేలను అందుకుంటుంది. ఆ క్షణాన చక్రాలు వంకరగా ఉంటే మాత్రం, పట్టు దొరకగానే కారు అటే విసురుగా దూకుతుంది. ఇంత బలం చేతిలో ఉన్నవాడికి దాన్ని వాడకుండా ఉండే ఓపిక కూడా ఉండాలని మా నాయనమ్మ అనేది, ఆమె అన్నది బిందెల గురించే లెండి.

ఈ ఆదివారం కారు ఆగి ఉన్నప్పుడు, నాన్నగారిని అడిగి, ఒక్కొక్క టైరు ముందూ కూర్చుని చూడండి. గాడుల అడుగున అక్కడక్కడ అడ్డంగా చిన్న రబ్బరు గట్లు కనిపిస్తాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. పై రబ్బరు అరిగి ఆ గట్లతో సమానమైతే, మెకానిక్కులు గుండు టైరు అంటారే, అది దాదాపు అలాంటిదే, మార్చాల్సిందే. ఆ తర్వాత వాన పడిన సాయంత్రం గేటు లోపలే నిలబడి, మీ వీధిలో పోయే కార్ల వెనుక రోడ్డును గమనించండి. మంచి టైరు నడిచిన చోట ఒక్క క్షణం పొడిచార పడి, చూస్తుండగానే నీరు మళ్లీ కమ్ముకుంటుంది. గుండు టైరు వెనుక ఆ చార ఎలా ఉందో, ఆటోకీ బస్సుకీ ఎలా ఉందో చూడండి. మీ నాన్నగారి కారులో ముందు టైర్లు ఎక్కువ అరిగాయో వెనుకవి ఎక్కువ అరిగాయో కూడా స్కేలుతో కొలిచి, ఏ చక్రాలకు ఇంజను బలం అందుతుందో ఆయన్నే అడిగి, రెండూ కలిపి నాకు ఉత్తరం రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య