తాగుడు మాన్పించే పరిచర్య: అపోహలు - వాస్తవాలు

సికింద్రాబాద్ స్టేషన్ బయట, అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రి చుట్టుపక్కల రాత్రిళ్ళు ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ళ మధ్య మా పరిచర్య. మందు, కల్లు, గంజాయి, మత్తు కోసం పీల్చే వైట్‌నర్... వీటి నుంచి బయటపడాలనుకునేవాళ్ళకు తోడుగా నిలబడటం మా పని. మాట్లాడటానికి ఏ చర్చి సంఘానికి వెళ్ళినా అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. కొన్ని అపోహలు వింటే మనసు నొచ్చుకుంటుంది, అంతే. కొన్ని మాత్రం మనుషుల ప్రాణం తీస్తాయి. ముందు వాటి గురించి చెబుతాను.

అపోహ: గట్టిగా ప్రార్థన చేస్తే చాలు, ఆ క్షణం నుంచే మానేయొచ్చు. మందులు వాడితే విశ్వాసం లేనట్టే.

ప్రార్థన లేకుండా ఈ పనిలో నేను ఒక్క వారం కూడా నిలబడలేను. అయినా చెబుతున్నాను. ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషి చేత ఆదివారం కూటంలో ప్రమాణం చేయించి, తలమీద చేయివేసి నేరుగా ఇంటికి పంపేయడం చాలా ప్రమాదం. మద్యానికి అలవాటుపడ్డ మెదడు అది హఠాత్తుగా ఆగిపోతే తట్టుకోలేదు. చివరిసారి తాగిన కొన్ని గంటలకే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, వాంతులవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మతి చలిస్తుంది. జ్వరం, గుండెదడ వస్తాయి, లేనివి కనబడతాయి. డాక్టర్లు దీన్ని డెలిరియమ్ ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే మనిషి చనిపోవచ్చు.

మా దగ్గర ఉన్న, తాపీ పని చేసే ఒకాయన మానేసిన మూడో రాత్రి ఇలాగే అయ్యాడు. ఫ్యాన్ తిరుగుతున్నా చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. నిలబడి, ఖాళీ చేత్తో గోడకు ప్లాస్టరింగ్ చేస్తున్నాడు. మధ్యమధ్యలో పక్కకు తిరిగి, ఎవరూ లేనిచోటికి చూసి "మాల్ తేరా, మాల్ ఎండిపోతున్నది" అని కేకలు. పక్క మంచం కుర్రాడు భయపడిపోయి "అన్నా, ఈనకు దయ్యం పట్టింది" అన్నాడు. దయ్యం కాదు, విత్‌డ్రాయల్, అంటే అలవాటైన మత్తు హఠాత్తుగా ఆగినప్పుడు ఒళ్ళు పడే బాధ. ఆసుపత్రిలో చేర్చాం. మందులతో, థయమిన్ ఇంజక్షన్లతో కొన్నాళ్ళకు తన పేరు, ఊరు తానే చెప్పగలిగాడు. ఆయన మంచం పక్కన కూర్చుని ప్రార్థన కూడా చేశాం. ఈ రెంటికీ గొడవ ఎక్కడుందో నాకు అర్థం కాదు. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్‌ను మొదలుపెట్టినవాళ్ళలో ఒకరైన బిల్ విల్సన్ జీవితాన్ని మార్చిన ఆధ్యాత్మిక అనుభవం కూడా 1934 డిసెంబరులో న్యూయార్క్‌లోని ఒక ఆసుపత్రిలో, తాగుడుకు చికిత్స పొందుతుండగానే కలిగింది.

మన దగ్గర కల్లు సంగతి ఇంకా కష్టం. చెట్టు నుంచి దించిన కల్లు వేరు, నగరంలో చాలాచోట్ల దొరికేది వేరు. అందులో ఆల్‌ప్రజోలం, డయాజిపామ్ లాంటి మత్తు మందులు కలుపుతారు. అంటే తాగే మనిషికి తెలియకుండానే రెండో అలవాటు కూడా అంటుకుంటుంది. 2015లో ప్రభుత్వం కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్లు దొరక్క జనం ఆసుపత్రులకు క్యూ కట్టారు. మెడ వంకర్లు పోవడం, పిచ్చిగా మాట్లాడటం, ఫిట్స్. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. అందుకే "కల్లే కదా, మందు కాదుగా" అని ఎవరైనా అంటే నాకు టెన్షన్ ఇంకా పెరుగుతుంది.

ఇంకో పొరపాటు. నీరసంగా ఉన్నాడని వీధి చివర ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజ్ సీసా ఎక్కించేస్తారు. ఎక్కువకాలం తాగిన, సరిగ్గా తినని మనిషి ఒంట్లో బీ1 విటమిన్, అంటే థయమిన్, బాగా తగ్గిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఒక్కటే పెడితే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. చూపు, నడక, జ్ఞాపకం పాడవుతాయి. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి వెళ్దామంటే మాత్రం ఇంట్లోవాళ్ళు "మావాడేమన్నా పిచ్చోడా?" అని కోప్పడతారు. ఆ ఒక్క మాట వల్ల పోయే రోజులు చాలా విలువైనవి.

అపోహ: తాగేవాడికి తెలియకుండా అన్నంలో మాత్ర కలిపితే మానేస్తాడు.

దయచేసి ఈ పని చేయకండి. గోడల మీద, కరెంటు స్తంభాల మీద ఇలాంటి ప్రకటనలు చూసి, మొగుడి తాగుడుతో విసిగిపోయిన అక్కలు నమ్ముతారు. వాళ్ళ కష్టం నాకు తెలుసు. కానీ అలా కలిపే మాత్ర డైసల్ఫిరామ్ అనే మందు అయితే, అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఈ మందును మనిషికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేశాక డాక్టరే ఇవ్వాలి.

అపోహ: కాళ్ళూచేతులూ కట్టేసైనా, నాలుగు తగిలించైనా మాన్పించాలి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా మానసిక అనారోగ్యం కిందికే వస్తాయి. చికిత్స పేరుతో గొలుసులతో కట్టేయడాన్ని ఆ చట్టం పూర్తిగా నిషేధించింది. తనంతట తాను నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్న మనిషిని డాక్టర్లు పరీక్షించి చేర్చుకునే మార్గమూ అందులోనే ఉంది. బైబిలు పట్టుకున్నామని చట్టం మనకు వర్తించకుండా పోదు. మాన్పించే సెంటర్లో చేర్చే ముందు అడగండి: డాక్టరు ఎన్ని రోజులకోసారి వస్తారు, రాత్రి ఫిట్స్ వస్తే ఎక్కడికి తీసుకెళ్తారు, ఇంట్లోవాళ్ళు వచ్చి చూడొచ్చా. వీటికి సూటిగా జవాబు చెప్పని సెంటర్లో మీ మనిషిని వదలకండి.

అపోహ: రోడ్డు మీద పడుకునేవాళ్ళంతా తాగుబోతులే. పని చేయడం ఇష్టంలేక అలా ఉంటారు.

పొద్దున్నే లేబర్ అడ్డాకు వెళ్ళి చూడండి. రాత్రి ఫుట్‌పాత్ మీద పడుకున్నవాళ్ళే అక్కడ పనికోసం నిలబడి ఉంటారు. పెళ్ళిళ్ళ సీజన్‌లో క్యాటరింగ్‌లో గిన్నెలు తోమేది, ఫంక్షన్ హాళ్ళలో కుర్చీలు మోసేది వాళ్ళే. కొందరు తాగి రోడ్డున పడ్డారు, నిజమే. రోడ్డున పడ్డాక తాగడం మొదలుపెట్టినవాళ్ళూ ఉన్నారు. చలికి, దోమలకి, పడుకుంటే జేబులో డబ్బు కొట్టేస్తారన్న భయానికి నిద్ర పట్టదు. క్వార్టర్ పడితే పడుతుంది. అసలు తాగని ముసలివాళ్ళు, మతిస్థిమితం తప్పిన ఆడవాళ్ళు, పెద్దాసుపత్రిలో పేషెంటుకు తోడుగా వచ్చి బయట పడుకున్న పల్లెటూరివాళ్ళు కూడా అదే వరసలో ఉంటారు. అందరినీ ఒకే పేరుతో పిలిస్తే ఎవరికి ఏ సాయం కావాలో కనబడదు.

తాగుడు మానినంత మాత్రాన కష్టం తీరదు. ఫోన్, ఆధార్ రెండూ పోగొట్టుకున్న మనిషికి బ్యాంకు ఖాతా లేదు, గది అద్దెకివ్వరు. ఆధార్ కేంద్రానికి వెంటబెట్టుకెళ్ళి వేలిముద్రలతో పాత నంబర్ వెతికించడం మా పనిలో సగం. లక్ష జనాభాకు ఒక నైట్ షెల్టర్ ఉండాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) షెల్టర్లు ఉన్నాయి, కానీ అవసరానికి సరిపోవు. చికిత్స ముగిసిన రోజు సాయంత్రం ఆ మనిషి ఎక్కడ పడుకుంటాడన్నది నా దృష్టిలో మిగతా అన్నింటికన్నా పెద్ద ప్రశ్న. మళ్ళీ అదే వైన్స్ ముందు ఫుట్‌పాత్ మీదికి పంపి "దేవుడు చూసుకుంటాడు" అనడం దేవుడి మీద నెపం వేయడమే.

అపోహ: ఇదంతా మతం మార్చడానికే.

మేం క్రైస్తవులం, దాచం. యేసు మీద ప్రేమతోనే ఈ పనిలో ఉన్నాం. సాయంత్రం ప్రార్థన ఉంటుంది, ఇష్టమైనవాళ్ళు కూర్చుంటారు. కూర్చోనివాళ్ళకూ అదే అన్నం, అదే మంచం, అదే డాక్టరు. వణుకుతూ వచ్చిన మనిషి దగ్గర, ఆకలితో ఉన్న మనిషి దగ్గర ఒప్పుకోలు తీసుకోవడం నీతి కాదు. అలా తీసుకున్న బాప్తిస్మం మాకూ వద్దు. మా దగ్గర ఉంటూనే అయ్యప్ప మాల వేసుకుని దీక్ష పూర్తిచేసినవాళ్ళు ఉన్నారు, రంజాన్ రోజాలు ఉన్నవాళ్ళు ఉన్నారు. 41 రోజుల నిష్ఠ ఎంత బలమిస్తుందో కళ్ళారా చూశాను. మాల తీసిన రోజు వాళ్ళకు ఎంత ప్రమాదమో, ఈస్టర్ ముందు వచ్చే లెంట్ ఉపవాస దినాలు ముగిసిన రోజు మన విశ్వాసులకూ అంతే ప్రమాదం. ఆ రోజుల్లో మేం ఎవర్నీ ఒంటరిగా వదలం.

అపోహ: మళ్ళీ తాగాడంటే మారుమనస్సు అబద్ధమే.

మళ్ళీ తాగడం ఈ జబ్బులో ఉన్నదే. కోలుకున్నవాళ్ళలో చాలామంది ఒకటికి నాలుగుసార్లు జారి నిలబడినవాళ్ళే. ఎప్పుడు జారతారో కూడా చాలావరకు ముందే తెలుస్తుంది: కూలి డబ్బు చేతికొచ్చిన శనివారం సాయంత్రం, బోనాలు, దసరా, ఊరి నుంచి చావు కబురు వచ్చిన రోజు. మంచి సమరయుడి కథలో అతను గాయాలకు కట్టు కట్టడంతో ఊరుకోలేదు. సత్రం యజమానికి డబ్బిచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చినప్పుడు ఇస్తానన్నాడు. ఆ రెండో ఖర్చుకు మన సంఘాలు సిద్ధంగా ఉండాలని నా ప్రార్థన.

పాస్టర్‌గార్లకు ఒక మనవి. తాగుడు మాని నెలయినా కాని మనిషిని స్టేజీ ఎక్కించి సాక్ష్యం చెప్పించకండి, యూట్యూబ్‌లో పెట్టకండి. చప్పట్ల మధ్య "నాకు విడుదల వచ్చింది" అని చెప్పినవాడు తర్వాత జారితే సిగ్గుతో మీ దగ్గరికి రాడు. ఒంటరిగా తాగుతాడు. ఏడాది ఆగండి. అప్పుడు కూడా, చెబుతావా అని ముందు అతన్నే అడగండి.

అపోహ: పండగకు బిర్యానీ పొట్లాలు పంచితే సేవ అయిపోయినట్టే.

అన్నం పెట్టండి, మంచిదే. క్రిస్మస్ రాత్రి ఒకే మనిషికి ఐదు దుప్పట్లు అందుతాయి, జనవరి చివర ఎవరూ రారు. ఒకే చోటికి, ఒకే రోజు, వారం వారం రండి. పేరు పెట్టి పలకరించండి.

మీ ఇంట్లో, వీధిలో, సంఘంలో ఎవరైనా మానాలనుకుంటుంటే మత్తు పదార్థాల జాతీయ హెల్ప్‌లైన్ 14446కు, మానసిక ఆరోగ్యం కోసం టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. రెండూ ఉచితమే. ఫిట్స్ వచ్చినా, మనిషి తికమకగా మాట్లాడుతున్నా ఆలస్యం చేయకుండా 108కి చేయండి. వెంట వెళ్ళినవాళ్ళు డాక్టరుతో తాగుడు సంగతి దాచకండి. చివరిసారి ఎప్పుడు తాగాడో, రోజుకు ఎంత తాగేవాడో, మందా కల్లా అన్నది స్పష్టంగా చెప్పండి. కల్లయితే ఆ మాట రెండుసార్లు చెప్పండి.