ఆ గదిలోకి ఎవరిని రానిచ్చారు?

చిరంజీవులు పిల్లలందరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

ప్రపంచంలో గొప్ప చిత్రకారుల పేర్లు రాయమంటే మీరంతా మగవాళ్ల పేర్లే రాశారట. "ఆడవాళ్లలో అంత గొప్పవాళ్లు ఎందుకు లేరు అమ్మమ్మా?" అని అడిగారు. ఫోన్లో రెండు మాటల్లో తేల్చేసే ప్రశ్న కాదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇదే ప్రశ్న 1970లో అమెరికాలోని వాసర్ కాలేజీ స్నాతకోత్సవంలో వినబడింది. అక్కడ కళాచరిత్ర పాఠాలు చెప్పే లిండా నాక్లిన్‌ను ఆర్ట్ గ్యాలరీ నడిపే ఒకాయన అడిగారు. ఆవిడ పరిశోధన ముఖ్యంగా పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకళ మీద సాగింది. డాక్టరేట్ కూర్బే అనే చిత్రకారుడి మీద చేశారు. గ్యాలరీ ఆయన ప్రశ్నకు జవాబుగా 1971 జనవరిలో ఆర్ట్‌న్యూస్ పత్రికలో పెద్ద వ్యాసం రాశారు. ఆ ప్రశ్ననే దానికి పేరుగా పెట్టారు.

మనమైతే ఏం చేస్తాం? "లేరని ఎవరన్నారు? ఈవిడ లేదా, ఆవిడ లేదా?" అని పేర్లు ఏకరువు పెడతాం. నాక్లిన్ అక్కడితో ఆగడానికి ఒప్పుకోలేదు. మైకెలాంజెలో అంతటి స్త్రీ లేదన్న మాట నిజమేనని నిర్మొహమాటంగా అన్నారు. అయితే ఆ లోటు ఆడవాళ్ల మెదడులోనో చేతిలోనో ఉందా, లేక చదువు చెప్పే చోట ఉందా అని తిరిగి అడిగారు. చెరువులోకి దిగనివ్వకుండా పెంచి, పెద్దయ్యాక నీకు ఈత ఎందుకు రాలేదని అడిగితే ఎలా ఉంటుంది?

పూర్వం యూరప్‌లో పెద్ద చిత్రకారుడు కావాలంటే మనిషి శరీరాన్ని ఎదురుగా చూసి గీయడం నేర్చుకోవాలి. మోడల్ బట్టలు లేకుండా నిలబడితే విద్యార్థులు చుట్టూ కూర్చుని ఎముకలు, కండరాలు పరిశీలిస్తూ గంటల తరబడి గీసేవారు. పురాణాలు, యుద్ధాలు గీసే గొప్ప చిత్రాలకు అదే పునాది. ఆ క్లాసుకు ఆడపిల్లల్ని రానివ్వలేదు. లండన్‌లో చిత్రకారుల సంఘం, బడి కూడా అయిన రాయల్ అకాడమీలో 1893 దాకా అదే పరిస్థితి. ఆ తర్వాత కూడా మోడల్‌కు కొంత బట్ట కప్పితేనే అనుమతి. పారిస్‌లోని ప్రభుత్వ చిత్రకళా కళాశాల 1897లో గానీ అమ్మాయిలను చేర్చుకోలేదు.

దీనికి నాక్లిన్ చూపించిన సాక్ష్యం ఒక చిత్రమే. 1771-72లో జోఫనీ అనే చిత్రకారుడు గీశాడు. ఇంటర్నెట్‌లో వెతికి పెద్దది చేసి చూడండి. రాయల్ అకాడమీ సభ్యులు దీపం వెలుగులో మోడల్ చుట్టూ చేరారు, కొందరు కూర్చుని, కొందరు నిలబడి. ఒక మోడల్‌ను సరిగ్గా కూర్చోబెడుతున్నారు. ఇంకొకడు ముందు వరసలో బట్టలు విప్పుకుంటున్నాడు. అకాడమీని స్థాపించిన సభ్యుల్లో ఇద్దరు స్త్రీలున్నారు, ఆంజెలికా కాఫ్‌మన్, మేరీ మోసర్. ఈ గుంపులో వాళ్లెక్కడ? కుడివైపు గోడ మీద చూడండి. మసక మసకగా రెండు పటాలు వేలాడుతున్నాయి. సభ్యులు కనుక వాళ్లను వదిలేయడానికి వీల్లేదు, ఆడవాళ్లు కనుక ఆ గదిలో నిలబెట్టడానికీ వీల్లేదు. అందుకని గోడకెక్కించాడు. నా మటుకు నాకు ఎన్ని పేజీల వాదన కన్నా ఈ గోడే ఎక్కువ చెబుతుంది.

నాక్లిన్ ఇంకో సంగతి కూడా గమనించారు. ఆ కాలంలో పైకి వచ్చిన చిత్రకారిణుల్లో చాలామంది చిత్రకారుల కూతుళ్లే. బయట బడి తలుపు మూసి ఉన్నా ఇంట్లో రంగులు, కుంచెలు, నేర్పే నాన్న ఉన్నారు. గుర్రాల సంతను ఐదు మీటర్ల వెడల్పున గీసిన రోజా బోనర్ తండ్రి డ్రాయింగ్ మాస్టారు. సంతలో తిరిగి గుర్రాలను గీయడానికి ఆమె ప్యాంటు వేసుకుంది, దానికి పారిస్ పోలీసుల దగ్గర పర్మిషన్ తీసుకోవాల్సి వచ్చింది! ఆ చిత్రం ఇప్పుడు న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉంది.

మన దగ్గరా అంతే. రాజమండ్రిలో దామెర్ల రామారావు గ్యాలరీకి మిమ్మల్ని ఈసారి తీసుకెళ్తాను. ఆయన భార్య సత్యవాణి, తోబుట్టువు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారులే. ఆ ఇంట్లో కాకుండా వేరే ఇంట్లో ఉండి ఉంటే వాళ్ల చేతికి కుంచె వచ్చేదా?

1976లో నాక్లిన్, మరో కళాచరిత్రకారిణి ఆన్ సదర్లాండ్ హారిస్ కలిసి లాస్ ఏంజెలెస్‌లో నాలుగు వందల ఏళ్ల చిత్రకారిణుల ప్రదర్శన పెట్టారు, 80 మందికి పైగా. పేర్లు వెతకడం కూడా అవసరమైన పనే అన్నమాట, కారణం అడగడం మానకుండా.

ఆవిడ ప్రశ్నలు ఆడవాళ్ల దగ్గరే ఆగలేదు. ఫ్రెంచి చిత్రకారుడు జెరోమ్ గీసిన పాములవాడి చిత్రం గురించి 1983లో రాశారు. నీలం పలకల గోడ, దాన్ని ఆనుకుని కూర్చున్న మనుషులు, ఒంటికి పాము చుట్టుకున్న కుర్రాడు. ఫోటో తీసినంత నున్నగా ఉంటుంది, కుంచె జాడే కనబడదు. ఆ నునుపు వల్లే ఇదంతా నిజమని నమ్మేస్తాం అన్నారు నాక్లిన్. నిజానికి తూర్పు దేశాలు ఇలా ఉండాలని ఒక యూరప్ మనిషి అల్లుకున్నది. అలా చూసే ఆ యూరప్ మనిషి మాత్రం చిత్రంలో ఎక్కడా లేడు. పాములవాళ్ల దేశమని మనకూ ఒకప్పుడు ముద్ర వేశారు కనుక ఈ మాట మనకు తొందరగా తలకెక్కుతుంది.

అన్నిటికన్నా నాకిష్టమైనది ఫ్రెంచి చిత్రకారిణి బెర్త్ మోరిసో చిత్రం మీద ఆవిడ రాసిన వ్యాసం. తెల్ల బట్టల్లో ఒకామె పచ్చటి తోటలో కూర్చుని పసిబిడ్డకు పాలిస్తోంది. తల్లీబిడ్డా అనుకుంటాం. కాదు. ఆ పాప జూలీ, మోరిసో కూతురు. పాలిచ్చేది జీతానికి కుదిరిన దాది. అప్పట్లో పల్లెల నుంచి పారిస్ ఇళ్లకు అలా చాలామంది వచ్చేవారు. ఇప్పుడు మళ్లీ చూడండి. ఒకామె పాలివ్వడం పనిగా కూర్చుంది, ఎదురుగా ఆ పాప తల్లి బొమ్మ వేయడం పనిగా ఉంది. ఆ దాది పాలిస్తోంది కనుకే ఈ తల్లి చేతులు ఖాళీ అయ్యాయి. హాయిగా, తీరుబడిగా కనిపించే చిత్రంలో ఇద్దరు ఆడవాళ్ల పని ఉందని నాక్లిన్ చూపించేదాకా నేనూ ఆ ఆకుపచ్చనే చూస్తూ ఉండిపోయాను. దాది ముఖం కుంచె గీతల్లో దాదాపు కరిగిపోయి ఉంటుంది. ఎందుకలా వదిలేసిందంటారు? తొందరలోనా, కావాలనా? చూసి, ఎవరికి వాళ్లు విడిగా నాకు రాయండి. ఒకరిది చూసి ఒకరు రాయొద్దు.

ప్రేమతో,
మీ అమ్మమ్మ