ప్రింటర్ 'ఆఫ్‌లైన్' అంటే పాడైపోయినట్టు కాదు: ఆఫీసు ప్రింటర్ నెట్‌వర్కు గురించి అపోహలు, వాస్తవాలు

చెన్నైలో ఆఫీసు ప్రింటర్లకు సర్వీసు చేస్తూ పద్నాలుగేళ్లు గడిచాయి. ఇన్నేళ్లలో నేను ఫోనులో అన్నిటికంటే ఎక్కువగా విన్న మాట, "నిన్న సాయంత్రం దాకా బ్రహ్మాండంగా పనిచేసింది, ఇవాళ ఆఫ్‌లైన్ అంటోంది, ప్రింటర్ పోయినట్టేనా?" అన్నదే. పోలేదు. అయినా ఆ ఒక్క మాటకు భయపడి కంప్యూటర్లు ఫార్మాట్ చేయించినవారిని, నిక్షేపంలాంటి ప్రింటర్‌ను పాత సామానుకు వేసి ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌కు వెళ్లి కొత్తది కొన్నవారిని నేను చూస్తూనే ఉన్నాను.

అపోహ: ఆఫ్‌లైన్ అని వస్తే ప్రింటరో, డ్రైవరో (కంప్యూటర్‌ను ప్రింటర్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) చెడిపోయినట్టు.

కంప్యూటర్ చెబుతున్నది అది కాదు. "నా దగ్గర రాసిపెట్టుకున్న చిరునామాలో ప్రింటర్ పలకడం లేదు" అని మాత్రమే దాని అర్థం. చాలా ఆఫీసుల్లో ప్రింటర్‌కు ఐపీ అడ్రస్‌ను (నెట్‌వర్కులో దాని చిరునామా సంఖ్య) రౌటర్ డీహెచ్‌సీపీ (అడ్రస్‌లను తానే పంచిపెట్టే పద్ధతి) ద్వారా కొంత గడువుకు ఇస్తుంది. మొదటిరోజు ఇన్‌స్టాల్ చేసినవారు ఆ అడ్రస్‌నే విండోస్‌లో టీసీపీ/ఐపీ పోర్టుగా (ప్రింట్లు పంపవలసిన చోటుగా) నమోదు చేసి వెళ్లిపోతారు. రౌటర్ రీస్టార్ట్ అయినప్పుడో, వారం రోజుల సెలవుల్లో ప్రింటర్ ఆగి ఉండి గడువు దాటినప్పుడో రౌటర్ దానికి వేరే అడ్రస్ ఇవ్వవచ్చు. ప్రింటర్ కొత్త అడ్రస్‌తో సుఖంగానే ఉంటుంది, కంప్యూటర్ మాత్రం పాత అడ్రస్‌కే పంపుతూ ఉంటుంది. డ్రైవర్ తీసివేసి మళ్లీ వేస్తే ఒక్కోసారి బాగైపోవడానికి కారణం కూడా ఇదే: వేసేటప్పుడు కంప్యూటర్ ప్రింటర్‌ను కొత్తగా వెతికి కొత్త అడ్రస్ రాసుకుంటుంది. అడ్రస్ మారితే మళ్లీ మొదటికే వస్తుంది, మళ్లీ విజిటింగ్ ఛార్జి కట్టాలి.

జార్జ్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్టు గురించి ఇక్కడ చెప్పాలి. కింద లారీ నిలబడి ఉంది, ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు ప్రింటు కావాలి, ప్రింటర్ ఆఫ్‌లైన్. నేను ఇరుకు మెట్లెక్కి పైకి వెళ్లేసరికి, అక్కడ ఇరవై ఏళ్లుగా లెక్కలు రాస్తున్న పెద్దావిడ కళ్లనీళ్లు పెట్టుకుని ఉన్నారు. "నేనేమీ ముట్టుకోలేదు బాబూ, అందరూ నేనే ఏదో నొక్కానంటున్నారు" అన్నారు. అంతకు రెండు రోజుల ముందు వేరొక టెక్నీషియన్ వచ్చి, ప్రింటర్ అడ్రస్‌కు పింగ్ చేసి (ఉన్నావా అని నెట్‌వర్కులో పలకరించి), సమాధానం వస్తోంది కాబట్టి నెట్‌వర్కు బాగుందని తేల్చి, కంప్యూటర్‌ను ఫార్మాట్ చేసి, అదే అడ్రస్‌తో ప్రింటర్‌ను మళ్లీ పెట్టి, అప్పటికీ ప్రింటు రాకపోతే కొత్త ప్రింటర్‌కు కొటేషన్ రాసిచ్చి వెళ్లాడు.

నేను చేసిన మొదటి పని ప్రింటర్ ప్యానెల్ నుంచి కాన్ఫిగరేషన్ పేజీ ప్రింటు తీయడం. అది చక్కగా వచ్చింది, అంటే యంత్రంలో లోపం లేదు. అందులో ఐపీ అడ్రస్ 192.168.1.37 అని ఉంది. కంప్యూటర్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి పోర్ట్స్ చూస్తే 192.168.1.24 అని ఉంది. మరి ఆ 24కు పింగ్ ఎలా వెళ్లింది? బ్రౌజర్‌లో ఆ అడ్రస్ కొట్టి చూశాను. ప్రింటర్ పేజీ రావలసిన చోట సీసీటీవీ రికార్డర్ లాగిన్ పేజీ తెరుచుకుంది. ఆ వారమే కెమెరాలు బిగించినవారు వైర్లు లాగడానికి రౌటర్‌ను ఆపి పెట్టారు, అది లేచాక కొత్త రికార్డర్ ముందుగా అడిగి 24ను తీసుకుంది. ఆవిడ ప్రింటు ఇచ్చిన ప్రతి ఇన్‌వాయిస్ రెండు రోజులుగా కెమెరాల పెట్టె తలుపు తడుతోంది. పోర్టులో 24ను 37గా మార్చగానే క్యూలో ఆగిపోయినవన్నీ వరుసగా బయటికి వచ్చాయి. ఆవిడ తప్పు ఇందులో ఏమీ లేదని యజమాని ఎదుటే చెప్పి, రెండు అడ్రస్‌లనూ పక్కపక్కన పెట్టి చూపించాను. పింగ్‌కు ఎవరో ఒకరు పలికినంత మాత్రాన పలికినది ప్రింటరేనని అనుకోకూడదు. పలికినదాని మ్యాక్ అడ్రస్‌ను (ప్రతి నెట్‌వర్కు పరికరానికి తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య) కాన్ఫిగరేషన్ పేజీలోని దానితో పోల్చి చూస్తే ఆ సందేహం క్షణంలో తీరిపోతుంది.

శాశ్వత పరిష్కారం రౌటర్‌లో ఉంది. డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌లో ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌కు ఒక ఐపీని కట్టిపెడితే, ఎన్నిసార్లు కరెంటు పోయి వచ్చినా అదే అడ్రస్ వస్తుంది. ఇక్కడా ఒక మెలిక ఉంది: వైఫై, కేబుల్ రెండూ ఉన్న ప్రింటర్‌కు మ్యాక్ అడ్రస్‌లు సాధారణంగా రెండు ఉంటాయి. వైఫైది రిజర్వ్ చేసి, తరువాత ఎవరో కేబుల్ పెడితే, రౌటర్ దృష్టిలో అది పూర్తిగా కొత్త పరికరం.

అపోహ: ప్రింటర్ ప్యానెల్‌లో స్టాటిక్ ఐపీ (మారని అడ్రస్) వేసేస్తే చాలు.

సగం నిజం కాబట్టి ఇది మరింత ప్రమాదకరం. ప్యానెల్‌లో చేత్తో వేసిన అడ్రస్ సంగతి రౌటర్‌కు తెలియదు. ఆ అడ్రస్ రౌటర్ పంచిపెట్టే పరిధిలోనే ఉంటే, రాత్రి ప్రింటర్ ఆపి ఉన్న సమయంలో దానినే ఏ ల్యాప్‌టాప్‌కో ఇచ్చేస్తుంది, ఉదయం రెండూ ఒకే అడ్రస్ మీద కొట్టుకుంటాయి. చేత్తోనే వేయాలనుకుంటే రౌటర్ పరిధిని (అడ్రస్ చివరి సంఖ్యను) 100 నుంచి 200 వరకు కుదించి, ప్రింటర్‌కు 50 వంటి బయటి సంఖ్య ఇవ్వండి. సబ్‌నెట్ మాస్క్ (నెట్‌వర్కు హద్దు చెప్పే సంఖ్య), గేట్‌వే (బయటికి దారి, అంటే రౌటర్ అడ్రస్) కూడా సరిగా నింపండి. గేట్‌వే తప్పైనా పక్క కంప్యూటర్ నుంచి ప్రింటు వస్తుంది కానీ మెయిల్‌కు స్కాన్ పోదు, ఆ నిందను అందరూ స్కానర్ మీద వేస్తారు.

అపోహ: అడ్రస్ సరిగానే ఉంది, అయినా ఆఫ్‌లైన్ అంటోంది కాబట్టి నెట్‌వర్కు కార్డు పోయింది.

విండోస్ ప్రింటర్ స్థితిని ఎస్‌ఎన్‌ఎమ్‌పీ అనే ప్రోటోకాల్ ద్వారా అడుగుతుంది. భద్రత కోసం ఎవరైనా ప్రింటర్‌లో దానిని ఆపేసినా, కమ్యూనిటీ పేరును (అందులో పాస్‌వర్డ్ లాంటిది) 'పబ్లిక్' నుంచి మార్చినా, సమాధానం రాక కంప్యూటర్ ఆఫ్‌లైన్ అని చూపుతుంది. పోర్టు సెట్టింగులలో ఎస్‌ఎన్‌ఎమ్‌పీ స్టేటస్ టిక్కు తీసి చూడండి. పోర్టు పేరు డబ్ల్యుఎస్‌డీతో మొదలైతే, అది విండోస్ తనంతట తాను వెతికి పెట్టుకున్నది. నా అనుభవంలో ఆఫీసులకు అది నమ్మదగినది కాదు, టీసీపీ/ఐపీ పోర్టు పెట్టుకోవడమే మేలు.

మిగిలినవి క్లుప్తంగా. ఇంటర్నెట్ లేకపోతే ప్రింటు రాదన్నది తప్పు. క్లౌడ్ ప్రింటింగ్‌కు తప్ప, ఆఫీసు లోపలి ప్రింటుకు దానితో పని లేదు. అడ్రస్ 169.254తో మొదలైతే ప్రింటర్ కొత్త ఐపీ సంపాదించిందని మురిసిపోవద్దు, డీహెచ్‌సీపీ నుంచి ఏమీ రాక తనకు తానే పెట్టుకున్న అడ్రస్ అది. కేబుల్, స్విచ్చు చూడండి. గెస్ట్ వైఫైలో ఉన్న ఫోనుకు ప్రింటర్ కనబడకపోవడం లోపం కాదు, కనబడకుండా చేయడమే దాని పని.

9100, 515, 631 అన్ని పోర్టులూ (ఇక్కడ పోర్టు అంటే ప్రింటర్ పనులు అందుకునే ద్వారం సంఖ్య) తెరిచి ఉంచితేనే ప్రింటు వస్తుందని ఎవరో పుట్టించిన పుకారు ఒకటి తిరుగుతోంది. ఇవి మూడు వేర్వేరు పద్ధతులు, వరుసగా రా, ఎల్‌పీడీ, ఐపీపీ. మీ కంప్యూటర్లు ఏది వాడుతున్నాయో అది ఉంటే చాలు. ఇంటి నుంచి ప్రింటు ఇవ్వాలని రౌటర్‌లో 9100ను బయటికి ఫార్వర్డ్ చేయడం మాత్రం ఎన్నడూ చేయకండి. 2018 చివరలో ఇలా ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టిన ప్రింటర్లలో ఒక యూట్యూబ్ ఛానెల్ ప్రచార కరపత్రాలు వేల సంఖ్యలో వాటంతట అవే అచ్చయ్యాయి.

ఫోల్డర్‌కు స్కాన్ ఆగిపోతే ఎస్‌ఎమ్‌బీ 1ను (నెట్‌వర్కులో ఫోల్డర్లు పంచుకునే పాత ప్రోటోకాల్) ఆన్ చేయమని వీడియోలలో చెబుతారు. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై మాల్‌వేర్ వ్యాపించినది ఆ ప్రోటోకాల్‌లోని లోపం వల్లే. ముందు ప్రింటర్ ఫర్మ్‌వేర్‌లో (లోపలి సాఫ్ట్‌వేర్‌లో) ఎస్‌ఎమ్‌బీ 2 లేదా 3 ఉందేమో చూడండి, లేకపోతే మెయిల్‌కు స్కాన్ పెట్టుకోండి. మెయిల్ జీమెయిల్ అయితే మీ మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు, టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి.

ఏమీ తోచనప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేవారికి ఒక మనవి. అది వైఫై వివరాలను, స్కాన్ అడ్రస్ పుస్తకాన్ని, అడ్మిన్ పాస్‌వర్డ్‌ను కూడా తుడిచేస్తుంది. కొట్టే ముందు కాన్ఫిగరేషన్ పేజీ ఒకటి ప్రింటు తీసి, స్కాన్ అడ్రస్‌లను విడిగా రాసిపెట్టుకోండి. జార్జ్‌టౌన్ పెద్దావిడ ఆ పేజీని ప్లాస్టిక్ కవరులో పెట్టి ప్రింటర్ పక్క గోడకు అంటించుకున్నారు. కిందటి నెల ఫోను చేసినప్పుడు, "బాబూ, కాగితం మీద 37 ఉంది, పోర్టులోనూ 37 ఉంది, కాబట్టి ఇది వేరే జబ్బు" అన్నారు. నిజంగానే అది పేపర్ జామ్.